వెనక చక్రాలు తిరిగిన కారు

కోరుట్లలో మెట్‌పల్లి పోయే రోడ్డు మీద, పెట్రోలు బంకు దాటాక ఒక రేకుల షెడ్డు ఉంది. దానికి బోర్డు లేదు. జైపాల్ షెడ్డు అంటే చాలు, కారున్న వాళ్ళందరికీ తెలుసు. బానెట్ ఎత్తకముందే ఇంజను చప్పుడు విని ఏది పోయిందో పసిగట్టేవాడు జైపాల్. బెల్టు తెగిందనో ప్లగ్గు పోయిందనో అయితే టక్కున చెప్పేవాడు. ఇంజను మొత్తానికే పాడైంది, ఇక దీని మీద ఆశ వదులుకోండి అని చెప్పవలసి వస్తే మాత్రం అతనికి నోరు పెగిలేది కాదు. ఎదుటి మనిషి ముఖం చూసేవాడు. "జూద్దాం సార్, రెండు దినాలు ఉండనీయుండ్రి" అనేవాడు. బాగుపడదని తనకు తెలిసిన బండితోనే ఆ రెండు రోజులూ కుస్తీ పట్టేవాడు.

"కాదు అనే మాట నీ నోట్లెకెంచి ఎన్నడన్న అస్తదా?" అని భార్య సుశీల విసుక్కునేది. జైపాల్ నవ్వి ఊరుకునేవాడు.

అతనిది కొడిమ్యాల. తండ్రి బక్కయ్యకు గుంట భూమి లేదు, ఎవరు పిలిస్తే వాళ్ళ పొలంలో కూలి. తల్లి సాయమ్మ బీడీలు చుట్టేది, ఆదివారం పూట ప్రార్థనకు పోయేది. ఏడో తరగతితో బడి మాన్పించి, మరమగ్గం నేర్చుకొమ్మని జైపాల్‌ను సిరిసిల్లలో మేనమామ ఇంటికి పంపారు. మగ్గం నడపడం అతనికి ఒంటబట్టలేదు. ఆగిపోయిన మగ్గాన్ని విప్పి మళ్ళీ నడిపించడం మాత్రం పట్టుబడింది. అది చూసి, లేతు మిషను పెట్టుకొని మగ్గాల సామాను చేసే రాజేశం అతన్ని తన దగ్గరికి రమ్మన్నాడు. ఆరేళ్ళు ఆయన దగ్గరే ఉండి ఇనుము గుణం తెలుసుకున్నాడు జైపాల్. తర్వాత జగిత్యాలలో లారీల షెడ్డులో చేరాడు.

జలపతి పరిచయమైంది అక్కడే. అతనిది మల్యాల. తాత, తండ్రి తాటిచెట్లెక్కి కల్లు గీసినవాళ్ళు. తనకు తాడెక్కడం ఇష్టం లేక, కొండగట్టు గుడికి పోయే జనాన్ని జీపులో చేరవేసేవాడు. వారానికి ఒకసారైనా ఆ జీపు ఎక్కడో ఒకచోట ఆగిపోయేది, జైపాల్ పోయి బాగుచేసేవాడు. అలా మొదలైన దోస్తీ ఒక్క డబ్బాలో అన్నం పంచుకొని తినేదాకా వచ్చింది. జలపతి కోరుట్ల అమ్మాయి ప్రేమలతను పెళ్ళి చేసుకొని, ఆమెను అక్కడే ఉంచి దుబాయి పోయాడు. జైపాల్ కోరుట్లలోనే సొంత షెడ్డు వేసుకున్నాడు.

పన్నెండేళ్ళ తర్వాత, రెండు వేల తొమ్మిది డిసెంబరులో, కంపెనీ మూతపడి జలపతి తిరిగొచ్చాడు. ఇచ్చిన తెలంగాణ వెనక్కిపోయిందని ఊళ్ళన్నీ భగ్గుమన్న రోజులవి. బస్సులు లేవు. జైపాలే బండి వేసుకొని జగిత్యాల పోయి అతన్ని ఇంటికి తెచ్చాడు. 

ఆ తర్వాత ఏడాది అతనికి చాలా గడ్డుగా గడిచింది. "ఇప్పుడేం జేస్తున్నవ్?" అని ఎవరో ఒకరు అడిగేవారు. ఆ ప్రశ్న తప్పించుకోవడానికి పొద్దున్నే షెడ్డుకు వచ్చి కూర్చునేవాడు. షెడ్డు వెనక ఒక పాత మారుతి కారు ఉండేది. ఒకసారి గిరాకీ కారును అప్పగించడానికి హైదరాబాద్ పోయినప్పుడు, శివారులో మట్టి మైదానం మీద జరిగే కార్ల పందెం చూశాడు జైపాల్. ఎవరి కారును వాళ్ళు తమకు తోచినట్టు మార్చుకొని తేవచ్చు. అది చూసినప్పటి నుంచీ అతని మనసులో ఒకటే కోరిక. బతుకంతా పరాయి బండ్లు బాగుచేశాడు, ఒక్క బండైనా తనదని చెప్పుకునేలా చేయాలి. జలపతి చేయి కలిపాడు. సీట్లు పీకేశారు, బోల్తా పడినా కారు నలగకుండా లోపల పైపులతో గూడు కట్టారు, ఇంజనును ముక్క ముక్కగా విప్పి మళ్ళీ బిగించారు. రెండు వేల పదకొండు జనవరిలో పందేనికి తీసుకుపోయారు. జలపతి తోలాడు. తొమ్మిది కార్లలో ఏడో కారుగా వచ్చారు.

తిన్నగా పోయేచోట వాళ్ళ కారు ఎవరికీ తీసిపోలేదు. మైదానంలో నిలిపిన డ్రమ్ముల చుట్టూ మలుపు తిరిగేచోటే వెనకబడింది. తిరిగొస్తూ టీ హోటల్ దగ్గర ఆగినప్పుడు జలపతి హఠాత్తుగా గ్లాసు కింద పెట్టాడు.

"జైపాల్, దుబాయిల నేను తోలిన బండికి ముందటి చక్రాలు తిరగయి, ఎర్కేనా? ఎనక చక్రాలే తిరుగుతయి. సామాను ఎత్తిపెట్టే బండి గది. గోదాంల ఉన్నకాడనే గిర్రున తిరుగుతది. మన కారుకు ముందటియి తిరుగంగనే ఎనకటియి ఉల్టా తిరిగితె? డ్రమ్ము సుట్టు మనల్ని ఎవడన్న పట్టుకుంటడా?"

గోదాములో బండి మనిషి నడక వేగంతో పోతుంది కదా, పందెం వేగానికి ఆ తిరుగుడు పనికొస్తుందా, అనుకున్నాడు జైపాల్. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కాని ఎదురుగా జలపతి ముఖం చూశాడు. దుబాయి నుంచి వచ్చాక ఆ ముఖంలో వెలుగు చూడడం అదే మొదటిసారి.

"జేద్దాం" అన్నాడు.

పాత సామాన్ల దుకాణం నుంచి ఇంకో కారు ముందు చక్రాల సెట్టు తెచ్చి వెనక బిగించారు. ముందు స్టీరింగు నుంచి కారు కడుపు కింద పొడుగ్గా ఒక రాడ్డు వేసి రెండింటినీ కలిపారు. చుట్టుపక్కల మెకానిక్కులు వచ్చి చూసి నవ్వారు. ఎండాకాలం గడిచింది, వానలు మొదలయ్యాయి, ఆగస్టుకు పని పూర్తయింది.

ఊరి బయట ప్లాట్లు చేసి వదిలేసిన ఖాళీ జాగాలో మూడు డ్రమ్ములు పెట్టి జలపతి కారు తోలాడు. చూడడానికి వచ్చిన వాళ్ళందరూ నోరు తెరిచారు. కారు డ్రమ్మును ఒరుసుకుంటూ, దాని నడుముకు చుట్టుకున్నట్టే తిరిగింది. జలపతి కారు దిగి చిన్నపిల్లాడిలా జైపాల్‌ను ఎత్తుకున్నాడు. విలేకరి ఒకాయన ఫోటో తీసుకుపోతే, నాలుగు రోజులకు పేపర్లో వచ్చింది, దుబాయి నుంచి వచ్చిన కోరుట్ల వాసి వింత కారు అని. ఆ తర్వాత జలపతిని రోడ్డు మీద ఎవరూ ఏం చేస్తున్నావని అడగలేదు. కారు ఎందాకా వచ్చిందని అడిగేవారు. అతని నడకే మారిపోయింది.

సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు డిపోల్లోనే ఆగిపోయాయి, బడులు మూతపడ్డాయి, రోడ్లు బోసిపోయాయి. గిరాకీ లేక జైపాల్ షెడ్డు కూడా ఖాళీ. ఇదే మంచి సమయం, రోడ్డు మీద స్పీడు చూద్దామన్నాడు జలపతి. మొదటిసారి జైపాలే స్టీరింగు పట్టాడు. జలపతి రోడ్డు పక్కన గడియారం పట్టుకొని నిలబడ్డాడు.

నలభైలో బాగానే ఉంది. అరవై దాటాక ఒక చిన్న గతుకు తగిలి కారు కొంచెం పక్కకు జరిగింది. జైపాల్ స్టీరింగును వేలెడంత తిప్పి సరిచేయబోయాడు. వెనక భాగం విసురుగా అటు కొట్టింది. ఇటు తిప్పితే ఇంకా విసురుగా ఇటు కొట్టింది. మూడుసార్లు పాములా ఊగి, రోడ్డు దిగబోయి ఆగింది. జైపాల్ స్టీరింగు మీద చేతులు పెట్టుకొని అలాగే కూర్చున్నాడు. 

అతనికి ఆ క్షణంలోనే తెలిసిపోయింది. ముందు చక్రాలు తిరిగినప్పుడు వెనకవి నెమ్మదిగా, తిన్నగా వెంట రావాలి. అప్పుడే కారు నిలబడుతుంది. ఇక్కడ చేయి చేసే ప్రతి దిద్దుబాటునూ వెనక చక్రాలు రెట్టింపు చేస్తున్నాయి. ఇది బిగింపుల్లో తప్పు కాదు, ఆలోచనలోనే తప్పు. ఇంజను చప్పుడు విన్నంత స్పష్టంగా తెలిసింది.

జలపతి పరుగెత్తుకొచ్చాడు. "ఏమాయెరా? ఎందుకు ఆపినవ్?"

జైపాల్ అతని ముఖం చూశాడు.

"బుష్షులు లూజున్నయి. మార్చాలె" అన్నాడు.

ఆ అబద్ధాన్ని నిలబెట్టడానికి మూడు వారాలు పనిచేశాడు జైపాల్. రాడ్డు కీళ్ళలోని బుష్షులు మార్చాడు. వెనక చక్రాలను తిన్నగా లాగి పట్టేందుకు స్ప్రింగులు వేశాడు. అవి ఎక్కువ తిరగకుండా ఇనుప అడ్డాలు వెల్డింగు చేశాడు. అడ్డాలు పెట్టాక డ్రమ్ముల దగ్గర ఆ గిర్రున తిరగడం పోయింది, డెబ్బైలో ఊగడం మాత్రం పోలేదు. అడ్డాలు ఇంకా దగ్గరికి జరిపితే అది మామూలు కారే అవుతుంది. తీస్తే ప్రాణం తీస్తుంది. ఇది తెలిసీ రోజూ పొద్దున ఏదో ఒకటి విప్పేవాడు, సాయంత్రానికి బిగించేవాడు. ప్రతిసారీ జలపతి ఆశగా అడిగేవాడు, "ఇగ అయితదా?" అని. "అయితది" అనేవాడు.

సుశీల షెడ్డుకు టీ తెచ్చినప్పుడు ఇదంతా గమనించింది. జలపతి లేనప్పుడు మొగుడి పక్కన వచ్చి కూర్చుంది.

"అది కాదని నీకు ఎర్కే గదా?"

జైపాల్ పానా పక్కన పెట్టాడు. "ఎర్కే."

"మరి అన్నకు జెప్పు."

"గా కారు ఒక్కటే ఉన్నదే ఆనికి. ఎట్ల జెప్పుదు?"

"నువ్వు జెప్పకుంటె గా కారే జెప్తది" అంది సుశీల. జైపాల్ ఆ మాటకు ఉలిక్కిపడ్డాడు. మరునాడు పొద్దున్నే బండి తీసి సిరిసిల్ల బయలుదేరాడు. అక్టోబరు మొదటి వారం అది.

ఉస్తాద్ రాజేశానికి అప్పటికి చూపు సగం పోయింది. జైపాల్ చెప్పిందంతా కళ్ళు మూసుకొని విన్నాడు. నేల మీద సుద్దముక్కతో గీసి చూపించబోతే వద్దన్నాడు.

"తీసెయ్" అన్నాడు.

"స్ప్రింగులు ఇంక గట్టియి ఏస్తె ఉస్తాద్..."

"ఒరే జైపాల్, గింత దూరం నన్ను అడుగ అచ్చినవంటెనే నీకు ముందుగాల్నే ఎర్కయింది. ఎవనితోనన్న అనిపిచ్చుకుందామని అచ్చినవ్. నేనన్న. ఇగ ఫోన్ జేసి ఆనికి జెప్పు."

జైపాల్ జేబులో ఫోను ఉంది. చేయి దాని మీద పెట్టాడు కూడా. "ఫోన్ల బాగుండది ఉస్తాద్. ఎదురుంగ కూసోని నిమ్మలంగ జెప్త" అన్నాడు.

వచ్చేటప్పుడు ఎన్నో రోజుల తర్వాత అతని గుండె తేలికపడింది. ఏం చెప్పాలో దారి పొడుగునా కూర్చుకున్నాడు. వెనక రాడ్డు తీసేద్దాం, కారు ఉంటుంది, నువ్వే తోలుతావు, వచ్చే పందెంలో ఏడు నుంచి నాలుగుకైనా వస్తాం. అబద్ధం ఆడానని కూడా చెప్పాలి. రెండు రోజులు అలుగుతాడు. మూడో రోజు షెడ్డుకు వస్తాడు.

మల్యాల చౌరస్తా దగ్గర సమ్మెవాళ్ళు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. అడ్డంగా రాళ్ళు పెట్టారు, బండ్లన్నీ ఆగిపోయాయి. డప్పులు మోగుతున్నాయి. ఎవరో పిలిచి విస్తరాకులో అన్నం పెట్టి జైపాల్ చేతికిచ్చారు. చింతచెట్టు నీడన కూర్చొని తిన్నాడు. సగం తిన్నాడో లేదో ఫోను మోగింది. సుశీల.

ఆమె ఏడుస్తూ చెప్పింది, ముక్కలు ముక్కలుగా. జలపతి షెడ్డుకొచ్చి తాళంచెవి తీసుకున్నాడు. తను వద్దంది. "ఆడు అచ్చేవరకు ఒక్కసారి జూసత్త చెల్లె, రోడ్డు కాళీగున్నది" అన్నాడు. ఊరు దాటాక మేకలు అడ్డమొచ్చాయట. తప్పించబోతే కారు ఊగి ఊగి కల్వర్టు గోడకు కొట్టుకుంది. అంబులెన్సులో కరీంనగర్ తీసుకుపోతున్నారు.

కరీంనగర్ పోవాలంటే ఆ చౌరస్తా మీదుగానే పోవాలి. జైపాల్ ఎంగిలి చేత్తోనే లేచి రాళ్ళు పక్కకు దొర్లించడం మొదలుపెట్టాడు. కొందరు అడ్డం వచ్చారు. "మా దోస్తును అంబులెన్సుల తెస్తున్నరన్నా" అని మాత్రం అనగలిగాడు. ఆ తర్వాత వాళ్ళే పొయ్యిలోని కట్టెలు లాగేశారు, మరుగుతున్న గంజు గిన్నెను నలుగురు కలిసి పక్కకు మోశారు, డప్పులు ఆపేశారు. అరగంటకు అంబులెన్సు కూత వినిపించింది. జనం రెండు పక్కలా చీలి దారిచ్చారు. వెనక అద్దంలోంచి ప్రేమలత తల ఒక్కటే కనిపించింది జైపాల్‌కు. బండి స్టార్టు చేసి దాని వెనక పోయాడు.

జలపతి ప్రాణం దక్కింది. వెన్నుపూస దెబ్బతిని నడుము కింద చచ్చుబడింది.

దవాఖానలో తొమ్మిదో రోజు, ప్రేమలత మందులకు కిందికి పోయినప్పుడు, జలపతి జైపాల్‌ను దగ్గరికి రమ్మన్నాడు. గొంతు బాగా బలహీనంగా ఉంది.

"నువ్వు పోయినంక స్టీరింగు పట్టిన గద. గప్పుడు తెలిసింది నాకు, అది బుష్షుల గడబిడ కాదని." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "నీకు ముందుగాల్నే ఎర్కేనా?"

జైపాల్ అతని ముఖం చూశాడు. జీవితంలో మొదటిసారి, చూస్తూ కూడా నిజమే చెప్పాడు.

"ఎర్కే."

"ఎన్నటిసంది?"

"రోడ్డు మీద తోలిన మొదటి దినం సంది."

జలపతి చూపు పైకప్పు కేసి తిప్పుకున్నాడు. "నాకు జెప్తె నేను ఊకుందును గదరా" అన్నాడు. "నేనేమన్న పోరన్నా? ఏడ్సుదును. ఊకుందును." తర్వాత ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

నుజ్జయిన కారును ట్రాక్టరుకు కట్టి షెడ్డుకు లాక్కొచ్చారు. జైపాల్ ఒక్కడే కూర్చొని విప్పాడు. కడుపు కిందికి దూరి చూస్తే పొడుగు రాడ్డు వంగింది కాని విరగలేదు. ఇద్దరూ కలిసి వేసిన వెల్డింగుల్లో ఒక్కటీ ఊడలేదు. పని అంత బాగా చేశారు. జైపాల్ ఆ రాడ్డును పట్టుకొని కారు కిందే పడుకొని ఏడ్చాడు. ఆ మూడు వారాల్లో ఏ రోజైనా రెండు బోల్టులు విప్పితే ఊడొచ్చేది. ఇప్పుడు మంటతో కోయవలసి వచ్చింది.

జలపతిని ఇంటికి తెచ్చాక జైపాల్ ప్రతి ఆదివారం పోయేవాడు. గడ్డం గీసేవాడు, ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టేవాడు, మంచానికి చక్రాలు బిగించాడు, తలుపు గడప కోసి సాపు చేశాడు. జలపతి కాదనేవాడు కాదు, మాట్లాడేవాడూ కాదు. అడిగినదానికి ఊ కొట్టేవాడు. ఎన్నటికైనా మళ్ళీ మాట్లాడతాడని జైపాల్ ఆశ. అలా ఎనిమిది నెలలు పోయాడు.

ఒక ఆదివారం ప్రేమలత వాకిట్లోనే ఎదురొచ్చింది. చేతిలో చీపురు అలాగే ఉంది.

"అన్నా, ఒకటి జెప్త, ఏమనుకోకు."

"జెప్పు చెల్లె."

"నువ్వచ్చిపోయిన దినం ఆయిన బువ్వ తినడు. తెల్లారి గూడ తినడు. నీ మీద కోపం లేదంటడు. గని నువ్వు కనవడితె నడుమట్ల గుంజుతదట." ఆమె కళ్ళు తుడుచుకుంది. "నువ్వు మంచిగనే జేస్తున్నవ్. గని ఇగ రాకు అన్నా."

జైపాల్ గడ్డం గీసే సామాను సంచీ ఆమె చేతికిచ్చాడు. ఇంకొక్క ఆదివారం చూద్దామని నోటిదాకా వచ్చింది. అనలేదు. ఎండలో ఇంటిదాకా నడుచుకుంటూ వచ్చాడు. బండి వాళ్ళ వాకిట్లోనే మరిచి వచ్చానని సుశీల అడిగితే గాని గుర్తు రాలేదు. సుశీలే పోయి నడిపించుకొచ్చింది.

షెడ్డు నడుస్తూనే ఉంది. ఇప్పుడు బండి పనైపోతే పనైపోయిందని మొదటి రోజే చెప్పేస్తాడు. జైపాల్ మనిషి మారిండు, ముఖం మీద కొట్టినట్టు మాట్లాడుతుండని గిరాకీలు చెప్పుకుంటారు. కొందరు కోపంతో వేరే షెడ్డుకు పోతారు. పోనీ అంటాడు.

రెండు వేల పద్నాలుగు జూన్ రెండున తెలంగాణ వచ్చింది. పట్టపగలు కోరుట్ల వీధుల్లో ఊరేగింపు, గులాల్ మబ్బులు, పటాకుల మోత. సుశీల బలవంతం మీద జైపాల్ కూడా జనంతో కలిసి నడిచాడు. ఊరేగింపు ఏ గల్లీలోకి తిరుగుతుందో తిరిగాకే తెలిసింది అతనికి.

జలపతి అరుగు మీద చక్రాల కుర్చీలో ఉన్నాడు. నెత్తి నుంచి చొక్కాదాకా గులాబీ రంగే. ఎవరో మెడలో కండువా వేశారు. ప్రేమలత గిన్నెలో గులాల్ పట్టుకొని నిలబడింది, అతను పిడికిళ్ళతో తీసి వచ్చేవాళ్ళ మీద చల్లుతున్నాడు. గట్టిగా, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు. ఆ నవ్వును జైపాల్ మూడేళ్ళుగా చూడలేదు.

పది అడుగులు వేస్తే అరుగు దగ్గరికి చేరుకునేవాడు. కాళ్ళు అటే లాగాయి. "పోదామా?" అన్నట్టు సుశీల చూసింది.

"వద్దు" అన్నాడు జైపాల్. "నవ్వుతుండు. నవ్వనీ."

ఇద్దరూ జనంలోంచి పక్కకు తప్పుకొని, చేతిపంపు వెనక సందులోంచి షెడ్డు వైపు నడిచారు. పండగపూట కూడా ఒక ఆటో వచ్చి షెడ్డు ముందు నిలబడి ఉంది, బ్రేకు పడటం లేదట. జైపాల్ గులాల్ అంటిన చేతులు కడుక్కొని దాని కిందికి దూరాడు.